మామూలు లా కాలేజీలో చదివితే కోర్టులో వెనకబడతామా?

"మా తమ్ముడికి నేషనల్ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష క్లాట్‌లో ర్యాంకు రాలేదు. రాష్ట్ర లా ప్రవేశ పరీక్ష లాసెట్‌లో మా జిల్లాలోనే ఒక ప్రైవేటు కాలేజీలో సీటొచ్చింది. వాడికి కోర్టులో వాదించాలనే ఉంది. పెద్ద యూనివర్సిటీ పేరు లేకపోతే వెనకబడతాడా? ఏడాది ఆగి మళ్ళీ రాయించాలా?" అని అడిగారు.

నేను చదివింది అలాంటి కాలేజీలోనే. పేరు చెప్పను, చెప్పినా మీకు తెలియదు. మూడేళ్ళలో మూట్ కోర్టు, అంటే విద్యార్థులు ఉత్తుత్తి కేసు వాదించి నేర్చుకునేది, ఒక్కసారి జరిగింది, అదీ తనిఖీకి వస్తున్నారని. 2009లో అడ్వకేటుగా ఎన్‌రోల్ అయ్యి గుంటూరులో ఒక సివిల్ లాయరు గారి ఆఫీసులో చేరాను. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఒక్క కక్షిదారు కూడా "లా ఎక్కడ చదివారు" అని నన్ను అడగలేదు. "ఎవరి జూనియర్ అండీ మీరు?" అని మాత్రం చాలామంది అడిగారు. గుమాస్తాలైతే ముందు అదే అడుగుతారు.

అలా ఎందుకు అడుగుతారో నాకు ఒక ప్రోనోటు దావాలో అర్థమైంది. చేరి ఏడాదైంది. మా కక్షిదారు ప్రతివాది, మిర్చి వ్యాపారంలో దెబ్బతిన్న మనిషి. నోటు నకలు చదివాను. అసలు, వడ్డీ, సంతకం, రెవెన్యూ స్టాంపు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. రాజీ పడితే మంచిదని పెద్ద జ్ఞానిలా చెప్పాను. సీనియర్ గారు వేరే ఫైలు చూసుకుంటూనే "వెనక్కి తిప్పావా?" అన్నారు. తిప్పలేదు. వెనక ఐదొందల రూపాయల చెల్లు రాసి ఉంది. నోటు మీద దావా వేయడానికి గడువు మూడేళ్ళు. ఆ లోపు కొంత బాకీ కట్టి చెల్లు రాసి సంతకం పెడితే, ఆ రోజు నుంచి గడువు మళ్ళీ కొత్తగా మొదలవుతుంది. ఇక్కడ చెల్లు పడింది మూడేళ్ళు దాటిన ఆరు రోజులకు. దావా ఆ ఒక్క పాయింటు మీదే కొట్టేశారు. తమాషా ఏమిటంటే, ఈ చెల్లు సంగతి చెప్పే లిమిటేషన్ చట్టం 19వ సెక్షన్ నాకు కంఠతా వచ్చు. పరీక్షలో దాని మీద ప్రశ్నకి బాగానే మార్కులు వేశారు కూడా. అయినా నోటు తిప్పి చూడాలన్న ఆలోచనే రాలేదు. హైదరాబాదు నేషనల్ లా యూనివర్సిటీ నల్సార్‌లో చదివినా ఆ రోజు తిప్పేవాణ్ణని నేననుకోను. అది ఆఫీసులో అబ్బే పని.

అలాగని పేరున్న కాలేజీ వల్ల లాభమే లేదంటే అబద్ధం. కార్పొరేట్ లా ఫర్ముల్లో ఉద్యోగం కావాలంటే చాలా తేడా ఉంటుంది. క్యాంపస్‌కి వచ్చేవాళ్ళు ఎంచుకున్న కొన్ని చోట్లకే వస్తారు. ఢిల్లీలో పెద్ద సీనియర్ల చాంబర్లలో చేరాలన్నా అక్కడ ఇదివరకే ఉన్న మీ కాలేజీ వాళ్ళు తలుపు తీస్తారు. 2019లో హైకోర్టు అమరావతికి వచ్చాక నేనూ హైకోర్టు ఉన్న నేలపాడు వెళ్ళడం మొదలుపెట్టాను. అక్కడ నా లోటు నాకే కనిపించింది. జిల్లా కోర్టులో సాక్షిని తెలుగులో అడిగి, వాదన సగం తెలుగు సగం ఇంగ్లీషులో నెట్టుకొచ్చినవాణ్ణి. అక్కడ నాకన్నా పదేళ్ళు చిన్న అమ్మాయి, విశాఖ నేషనల్ లా యూనివర్సిటీలో చదివిందట, జడ్జిగారు అడిగిన ప్రశ్నకి తడుముకోకుండా రెండు వాక్యాల్లో జవాబు చెప్పి కూర్చుంది. ఐదేళ్ళు మూట్లు చేసిన అలవాటు అది. నాకు అంత ధైర్యం రావడానికి మూడేళ్ళు పట్టింది. రోజూ రాత్రి ఒక తీర్పు పైకి చదివేవాణ్ణి, ఇంట్లోవాళ్ళు నవ్వేవారు.

ఒకప్పుడు పట్టాని బట్టి హోదా నిజంగానే మారేది. టంగుటూరి ప్రకాశం గారు రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరు. ఆ హోదాతో పై కోర్టుల్లో వాదించడానికి లేదు. అందుకే ఇంగ్లండు వెళ్ళి బారిస్టరై వచ్చి మద్రాసులో ప్రాక్టీసు పెట్టారు. 1961 అడ్వకేట్ల చట్టం వచ్చాక ఆ మెట్లన్నీ పోయాయి, అందరూ అడ్వకేట్లే. మా గుంటూరు పక్కనున్న నాగార్జున యూనివర్సిటీలో లా చదివిన ఎన్.వి. రమణ గారు 2021లో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఒక్కరిని చూపించి అందరికీ అలా జరుగుతుందని చెప్పలేంగానీ, దారి మూసి మాత్రం లేదు.

మీరు అడగని విషయం ఒకటుంది, అసలు టెన్షన్ అక్కడే. డబ్బు. నాకు మొదటి రెండేళ్ళు నెలకు రెండు వేలు వచ్చేవి, కొన్ని నెలలు అదీ లేదు. మా నాన్న అన్నం పెట్టబట్టి నిలబడ్డాను. నాతో ఎన్‌రోల్ అయినవాళ్ళలో నాకన్నా తెలివైనవాడు ఇంటి అప్పు తీర్చడానికి బ్యాంకు ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. జూనియర్లకి పట్టణాల్లో 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 ఇవ్వాలని 2024 అక్టోబరులో లాయర్ల వృత్తిని చూసే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా చెప్పింది. అది సిఫారసు మాత్రమే, ఆదేశం కాదు. మా ఊళ్ళో ఎంతమంది ఇస్తున్నారో నన్ను అడక్కండి. కాబట్టి లాంగ్ టర్మ్ కోచింగుకీ, ఏడాదికి లక్షల్లో ఉండే ఫీజుకీ పెట్టే డబ్బు మీ దగ్గర ఉంటే, అందులో కొంత దాచి, చదువయ్యాక వాడి మొదటి మూడేళ్ళకి ఉంచండి. ఒకవేళ జడ్జి పరీక్ష రాయాలని ఉన్నా, మూడేళ్ళ ప్రాక్టీసు తప్పనిసరని 2025 మేలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది.

నేనైతే ఏడాది ఆపను. ర్యాంకు కొద్దిలో పోయి, కార్పొరేట్ వైపు మనసుంటే అది వేరే సంగతి. కోర్టే కావాలంటే చేర్చేయండి. మొదటి ఏడాది నుంచే ఎవరో ఒకరి ఆఫీసుకి సాయంత్రాలు వెళ్ళమనండి. ఎవరి దగ్గర అని వెతికేటప్పుడు బోర్డు మీది డిగ్రీలు చూడొద్దు. వారం రోజులు కోర్టు హాల్లో వెనక బెంచీలో కూర్చుంటే, ఎప్పుడూ వాయిదాలు అడిగేదెవరో, సాక్షిని నిలబెట్టి క్రాస్ (ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించడం) చేసేదెవరో తెలిసిపోతుంది. రెండో రకం వాళ్ళ దగ్గరికే వెళ్ళమనండి. మేలో సివిల్ కోర్టులకి సెలవులు, కాబట్టి ఆ వారం ఏదో ఏప్రిల్ లోపే చూసుకోవాలి.