నల్లమల వెళ్తున్న స్రవంతికి

స్రవంతీ,

నల్లమల కొండముచ్చుల పేగుల్లోనూ హైదరాబాద్ జూలో ఉన్నవాటి పేగుల్లోనూ సూక్ష్మజీవులు ఎలా ఉన్నాయో పోల్చి చూస్తావట, మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఎంత గర్వంగా అనిపించిందో! రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

అటవీశాఖ అనుమతి కాగితం ఎప్పుడూ వెంట ఉంచుకో. మాస్క్ తీయకు, నీ దగ్గు వాటికి అంటకూడదు. మలం తాజాగా ఉండగానే నేలకు తగలని లోపలి భాగం తీసి 95 శాతం ఇథనాల్‌లో వేసెయ్యి. జూ డాక్టర్ని అడిగి, ఏ జంతువుకు ఎప్పుడు యాంటీబయాటిక్స్ ఇచ్చారో రాసుకో.

అసలు సంగతి వేరే ఉంది. మా రోజుల్లో ఒక బృందం శ్రీశైలం ఘాట్ రోడ్డు పక్కన నమూనాలు ఏరి, డబ్బాల మీద 'అడవి' అని రాసేసింది. ఆ కొండముచ్చులేమో పొద్దుటినుంచీ కార్లు ఆగేచోటే కూర్చుంటాయి. పిల్లను పొట్టకు హత్తుకుని, బిస్కెట్ ప్యాకెట్‌ను పళ్లతో చింపుతున్న తల్లిని నేను కళ్లారా చూశాను. దాన్ని అడవి తిండి తినే జంతువని ఎలా అంటాం? డబ్బాలన్నీ పక్కన పడేశారు. నువ్వు రోడ్డు దిగి లోపలికి నడవాల్సిందే.

కొండముచ్చుల్లాగే ఆకులు తినే వియత్నాం డూక్ కోతుల మీద 2016లో వచ్చిన పేపర్ మళ్లీ చదువు. జూల్లో వాటి సొంత సూక్ష్మజీవులు చాలా పోయి, మనుషుల పేగుల్లో ఎక్కువగా ఉండే ప్రివొటెల్లా, బాక్టీరాయిడిస్ అనే బాక్టీరియా పెరిగాయి. సంరక్షణ కేంద్రంలో ఆకులు తింటూ ఉన్నవి మాత్రం జూవాటికీ అడవివాటికీ మధ్యలో నిలిచాయి. అందుకే ప్రతి నమూనా పక్కన ఆ గుంపు ఏం తిందో రాయి. కొండముచ్చు పొట్ట గదులు గదులుగా ఉంటుంది, ఆకుల్లోని పీచును అక్కడి బాక్టీరియా పులియబెడితేనే దానికి బలం. తీపి ఎక్కువైతే పొట్టలో ఆమ్లం పెరిగి ప్రాణం మీదికి వస్తుంది. ఇంకోటి, మలంలో కనిపించేది ఎక్కువగా పెద్దపేగు సంగతే. దాన్ని చూసి పొట్ట గురించి తేల్చెయ్యకు.

చెంచుల తోడు లేకుండా లోపలికి అడుగు పెట్టావంటే ఊరుకోను. నాకు పులికంటే ఎలుగుబంటి భయమే ఎక్కువ. పొదల్లో ఉలిక్కిపడిందంటే మీద పడుతుంది తల్లీ. ముందు నడిచేవాళ్లు ఆగమంటే ఆగు, ఎందుకని అడక్కు.

సాయంత్రం సిగ్నల్ ఉన్నచోటికి రాగానే నాన్నకు మెసేజ్ పెట్టు. నాకు వాడే చెబుతాడులే. నువ్వే పెడితే ఇంకా సంతోషం.

నీ మేనత్త