కార్డుల మెషీన్ దగ్గరికి వెళ్లే ముందు

అమ్మాయీ,

ఆశీస్సులు. బాబుకు పోకెమాన్ కార్డుల మీద, అంటే పిల్లలు ఆడుకుంటూ దాచుకునే ఆ బొమ్మల కార్డుల మీద మనసు పడిందని, మీ డల్లాస్ వైపు సూపర్‌మార్కెట్‌లో ఆ కార్డులమ్మే మెషీన్ కనిపించిందని రాశావు. మా సియాటిల్ ప్రాంతంలో 2017లోనే వీటిని ప్రయోగంగా పెట్టారు. మా మనవలతో వాటి ముందు చాలాసార్లు నిలబడ్డాను కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

ఆ మెషీన్‌లో కొనమనే చెబుతాను. కంపెనీ పెట్టిన ధరకే వస్తాయి, నకిలీల భయం లేదు. 2023లో స్కార్లెట్ అండ్ వయొలెట్ అనే కార్డుల సిరీస్‌తో మామూలు ప్యాకెట్ ధర 4.49 డాలర్లయింది, పన్ను అదనం. ఈ ధర గుర్తుంచుకుంటే బయట ఎవరు ఎంత ఎక్కువ అడుగుతున్నారో నీకే తెలుస్తుంది. నగదు తీసుకోదు, క్రెడిట్ కార్డు పట్టుకెళ్లు. రసీదుకు ఈమెయిల్ అడిగితే తప్పకుండా ఇవ్వు. పెట్టె ఇరుక్కుపోతే దుకాణం వాళ్లు ఏమీ చేయలేరు, మెషీన్ నిర్వహించేవాళ్లనే అడగాలి. అప్పుడు ఆ రసీదే ఆధారం.

ఏది కొనాలన్న దగ్గరే చాలామంది తల్లిదండ్రులు డబ్బు పోగొట్టుకుంటారు. ఎలీట్ ట్రైనర్ బాక్స్ పెద్దగా, అందంగా ఉంటుంది. 49.99 డాలర్లకు తొమ్మిది ప్యాకెట్లు, పాచికలు, కార్డులకు తొడిగే కవర్లు వస్తాయి. బూస్టర్ బండిల్‌లో ఆరు ప్యాకెట్లు తప్ప ఇంకేమీ ఉండవు, కానీ ధర 26.94 డాలర్లే. లెక్క వేసి చూడు, పెద్ద పెట్టెలో ఒక్కో ప్యాకెట్‌కు డాలరుకు పైగా ఎక్కువ పడుతుంది. కవర్లూ పాచికలూ ఒక్కసారి ఉంటే చాలు. అందుకే మొదటిసారి పెద్ద పెట్టె కొను, తర్వాత బండిల్ చాలు. వాడికి ఆడటం మీదే ఆసక్తి ఉంటే ప్యాకెట్ల జోలికే పోకుండా, అరవై కార్డులతో ఆటకు సిద్ధంగా అమ్మే కట్ట, అంటే డెక్ కొనివ్వు.

వాడు ఒకే కార్డు కావాలని పట్టుబడితే మాత్రం మెషీన్ దగ్గరికి తీసుకెళ్లవద్దు. ప్యాకెట్‌లో ఏముందో ఎవరికీ తెలియదు, అది లాటరీ టికెట్టే. కార్డుల దుకాణంలో ఆ ఒక్క కార్డునూ విడిగా అమ్ముతారు. చాలా కార్డులు ఒకటి రెండు డాలర్లకే దొరుకుతాయి.

మెషీన్ ఖాళీగా ఉంటే వెనక్కి వచ్చేయండి. సరుకు ఎప్పుడు నింపుతారో దుకాణంలో పనిచేసేవాళ్లకూ తెలియదు, వాళ్లను విసిగించవద్దు. అక్కడే కాపు కాసి మొత్తం ఊడ్చుకుపోయి, రెట్టింపు ధరకు అమ్మేవాళ్లుంటారు. వాళ్ల దగ్గర ఒక్క ప్యాకెట్ కూడా కొనవద్దు. ఈ కార్డుల కోసం కొట్లాటలు జరిగి, 2021లో టార్గెట్ అనే పెద్ద దుకాణాల సంస్థ తన దుకాణాల్లో కొన్నాళ్లు అమ్మకాలే ఆపేసింది. పసివాణ్ణి వెంటబెట్టుకుని అలాంటి గుంపులో నిలబడవద్దమ్మా, నాకు అదే బెంగ.

ఇంకొకటి, బడిలో మార్పిడి మొదలుపెట్టకముందే కార్డు కింది మూలనుండే గుర్తులు వాడికి చూపించు. వలయం అంటే మామూలుది, వజ్రం ఆకారం కొంచెం అరుదు, నక్షత్రం ఉంటే అరుదైనది. నక్షత్రమున్న ఏ కార్డునైనా నిన్ను అడగకుండా ఇవ్వవద్దని చెప్పు.

మీ పెదనాన్న