సూపర్ మార్కెట్లో చవక వైన్ అమ్ముడుపోవడానికి లేబుల్, యాప్ ఎలా పనికొస్తాయి?

ఒకేలా కనిపించే సీసాల వరుసలో కొనేవాళ్ల చెయ్యి ఒకదాని మీద ఆగేలా చేసేది లేబుల్, ఇంటికెళ్లాక దాన్ని నలుగురికీ చూపించాలనిపించేది ఆ లేబుల్ బొమ్మను ఫోన్లో కదిలించి చూపే యాప్. చవక వైన్ కొనేవాళ్లలో చాలామందికి ద్రాక్ష రకం, పండిన ప్రాంతం చూసి ఎంచుకునేంత పరిచయం ఉండదు. రుచి చూసి కొనే వీలూ మామూలుగా ఉండదు. అందుకే గుర్తుండిపోయే బొమ్మ, కథ ఉన్న సీసా వైపే మొగ్గుతారు.

ఆస్ట్రేలియా బ్రాండు '19 క్రైమ్స్' చూడండి. ఒకప్పుడు బ్రిటన్ నుంచి ఓడల్లో ఆస్ట్రేలియాకు పంపిన ఖైదీల ముఖాలు దాని లేబుళ్ల మీద ఉంటాయి. 2017లో వచ్చిన యాప్ తెరిచి ఫోన్ కెమెరా సీసాకు ఎదురుగా పెడితే, ఆ పాత ఫొటోలోని మనిషి పెదవులు కదిపి తన కథ తనే చెప్పేవాడు. వాళ్లలో ఐరిష్ కవి జాన్ బాయిల్ ఓరైలీ ఒకరు. 1868లో పశ్చిమ ఆస్ట్రేలియా చేరి, మరుసటి ఏడాదే తప్పించుకుని అమెరికా వెళ్లిపోయాడు. ఇలాంటి నిజమైన కథ దొరకడం ఏ బ్రాండుకైనా అదృష్టమే.

యాప్ ఉంటే చాలు, వైన్ దానంతటదే అమ్ముడవుతుందనుకోవడం పొరపాటు. ఈ బ్రాండు యాప్ కంటే ముందునుంచే ఉంది. పైగా రెండో సీసా కొనిపించేది రుచే. అందుకే పెద్ద బ్రాండ్లు వేర్వేరు తోటల వైన్లను కలిపి, ఆ రుచి ఏటా మారకుండా చూసుకుంటాయి.