ప్రూఫ్ ఓకే చేసి, బిల్లు ఆపేశారు

ప్రశ్న: మాది గుంటూరులో చిన్న డిజిటల్ ప్రెస్. ఒక కాలేజీకి 1,800 సర్టిఫికెట్లు, ఒక్కోటి 30 రూపాయల చొప్పున వేసి ఇచ్చాం. డిజైన్, పేర్ల ఎక్సెల్ షీటు వాళ్లవే. డేటా మెర్జ్, అంటే షీటులోని పేర్లను ఒక్కొక్కటిగా డిజైన్‌లో నింపే పని, మేం చేశాం. మొదటి సర్టిఫికెట్ పీడీఎఫ్‌ను ప్రూఫ్‌గా, అంటే అచ్చుకు ముందు చూసుకునే నమూనాగా, వాట్సాప్‌లో పంపితే ‘ఓకే, ప్రింట్ చేయండి’ అన్నారు. తీరా చూస్తే ప్రతి పేరు వెనకా మొదటి విద్యార్థి పేరు నీడే పడింది. మేం చూసుకోకుండా పంపేశాం. డెలివరీ అయిన ఆరో రోజున తప్పుందని ఉత్తరం రాశారు. ఆ తర్వాత ఫంక్షన్‌లో 1,150 పంచేసి, మిగతా 650 తిప్పి పంపారు. ఇప్పుడు 54,000లో ఒక్క రూపాయి కూడా ఇవ్వరట. పైగా పరువు పోయిందని లక్ష అడుగుతున్నారు. ప్రూఫ్ వాళ్లే ఓకే చేశారు కదా, నా బిల్లు మొత్తం వస్తుందా?

జవాబు: మొత్తం వస్తుందని నేను మీకు ఆశ పెట్టలేను. అలాగని వాళ్లు చెబుతున్నట్టు మీకు ఏమీ రాకుండా పోదు.

మీ జాబ్‌లో జరిగింది నాకు అర్థమైనంత వరకు ఇది. డిజైనర్ పేరుకు డ్రాప్ షాడో పెట్టి, ఆ నీడను అక్షరాల నుంచి విడదీసి బొమ్మగా మార్చేశాడు. మెర్జ్‌లో పేరు మారుతూ పోయింది, బొమ్మ మాత్రం అక్కడే ఉండిపోయింది. మొదటి సర్టిఫికెట్‌లో పేరు, నీడ ఒక్కరివే కాబట్టి ప్రూఫ్‌ను ఎంత జాగ్రత్తగా చూసినా తప్పు దొరకదు. వాళ్లిచ్చిన ‘ఓకే’ బలహీనపడేది ఇక్కడే. శాంపిల్ చూపించి చేసిన అమ్మకంలో శాంపిల్‌ను మామూలుగా పరిశీలిస్తే కనబడని లోపం సరుకులో ఉండకూడదని 1930 నాటి సరుకుల అమ్మకపు చట్టం సెక్షన్ 17 అంటుంది. పేరు స్పెల్లింగో, రంగో తప్పయి ఉంటే ఆ ‘ఓకే’ మిమ్మల్ని కాపాడేది.

డిజైన్ వాళ్లదే అన్నది మీకు మంచి పాయింటు. నీడను బొమ్మగా మార్చింది వాళ్ల డిజైనరే. ఆ ఫైల్ వచ్చిన మెయిల్, తేదీతో సహా భద్రంగా ఉంచండి. కాకపోతే మెర్జ్ చేసింది మీరు. రెండో పేరు, పదో పేరు తెరిచి చూసి ఉంటే తెలిసేదే అని అవతలి లాయరు తప్పకుండా అడుగుతాడు. అందుకే తప్పు ఇద్దరికీ పంచబడుతుందని నా అంచనా.

ఇక పంచేసిన 1,150 సంగతి. వాటి విలువ 34,500. తప్పుందని తెలిసి ఉత్తరం రాసి, ఆ తర్వాత విద్యార్థుల చేతికి ఇచ్చారంటే అదే సరుకుల అమ్మకపు చట్టం సెక్షన్ 42 ప్రకారం వాటిని అంగీకరించినట్టే. అంగీకరించాక సరుకు వద్దనే హక్కు ఉండదు. లోపానికి తగినంత ధర తగ్గించమని మాత్రం అడగవచ్చు. 650 మీద ఇరువైపులా వాదనకు చోటుంది, కోర్టు ఎటు చూస్తుందో ముందే చెప్పడం కష్టం. ఒకవేళ అచ్చు పనిని అమ్మకంగా కాక పని ఒప్పందంగా చూసినా (1989లో తమిళనాడు ప్రశ్నపత్రాల పన్ను కేసులో సుప్రీంకోర్టు అలాగే చూసింది) కాంట్రాక్టు చట్టం కింద ఫలితం పెద్దగా మారదు.

లక్ష గురించి టెన్షన్ పడకండి. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 73 కింద లోపం వల్ల సహజంగా, నేరుగా వచ్చిన నష్టానికే పరిహారం. మళ్లీ అచ్చు వేయించిన ఖర్చు అడిగితే అర్థముంది. పరువు పేరుతో లెక్క లేని లక్ష నిలబడటం కష్టం. నష్టాన్ని తగ్గించే అవకాశం వాళ్లకు ఉందా అన్నదీ కోర్టు చూస్తుంది. అందుకే ఆ 650ని ఉచితంగా మళ్లీ వేసి ఇస్తానని ఈ వారంలోనే స్పీడ్ పోస్టులో రాయండి. మీకు అయ్యే ఖర్చు కాగితం, ఇంకు. వాళ్లు వద్దంటే ఆ తిరస్కారమే మీకు సాక్ష్యం.

ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు) ఉంటే 45 రోజుల్లో చెల్లింపు నిబంధన, ఆలస్యానికి బ్యాంకు రేటుకు 3 రెట్ల చక్రవడ్డీ అని మీకు ఎవరో చెప్పే ఉంటారు. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) చట్టంలో అది నిజమే. అయితే డెలివరీ నుంచి 15 రోజుల్లో కొనుగోలుదారు రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే, దాన్ని మీరు తీర్చిన రోజు నుంచే గడువు మొదలవుతుంది. వాళ్లు ఆరో రోజునే రాశారు. కాబట్టి ఆ వడ్డీ లెక్కలు ఇప్పుడే వేసుకోకండి.

వాట్సాప్ సంభాషణను డిలీట్ చేయకండి, ఫోన్ మార్చకండి. కోర్టుకి వెళ్తే 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం ఆ సంభాషణ ఎలక్ట్రానిక్ రికార్డును ధ్రువీకరించే సర్టిఫికెట్ జత చేయాలి. దావాకు గడువు మూడేళ్లు ఉంది కానీ ఇంత మొత్తానికి సివిల్ కోర్టు మెట్లెక్కమని నేను చెప్పను. ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో, కేసు వేయకముందే రాజీకి అర్జీ ఇవ్వండి. కోర్టు ఫీజు ఉండదు. ఆ సంస్థ నడిపే లోక్ అదాలత్‌లో కుదిరిన ఒప్పందం కోర్టు డిక్రీతో (తీర్పుతో) సమానం. మీ స్థానంలో నేనైతే 650 కొత్తవి ఇచ్చి, పంచిన వాటి ధరలో కొంత వదులుకుని అక్కడే ముగించేవాణ్ని.

ఇకపై జాబ్ ఆర్డర్ కాగితం మీద ఒక వాక్యం అచ్చేయించండి: ‘మొదటి పేరు, మధ్యలో ఒక పేరు, అన్నిటికన్నా పొడుగైన పేరు, మూడింటి ప్రూఫ్‌లూ చూసి అంగీకరించాం.’ కింద కస్టమర్ సంతకం. నీడ కావాలంటే అదే పేరును బూడిద రంగులో కాస్త పక్కకి జరిపి వెనక లేయర్‌లో మెర్జ్ చేయమని మీ ఆపరేటర్‌కి చెప్పండి, పేరుతో పాటే నీడా మారుతుంది. ఆ పాత 650 సర్టిఫికెట్లను మాత్రం చించెయ్యొద్దు, కట్ట కట్టి బీరువాలో పెట్టండి.