ఆల్టోకి టర్బో పెడతాడట, ఏసీ మాత్రం తియ్యడట

ప్రశ్న: మాది తెనాలి, కిరాణా కొట్టు. మా అబ్బాయి పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ డిప్లొమా చివరి సంవత్సరం చదువుతున్నాడు. ఇంట్లో 2011 ఆల్టో ఉంది. విజయవాడ ఆటోనగర్‌లో పాత డీజిల్ స్విఫ్ట్ టర్బో చూసొచ్చాడు, దాన్ని మన కారుకి బిగిస్తానని 40 వేలు అడుగుతున్నాడు. ఏసీ కంప్రెసర్ తీస్తేగానీ చోటు రాదని మెకానిక్ అన్నాడు. వీడేమో వాళ్ళమ్మకి మాటిచ్చాడట, ఏసీ ఉండాల్సిందే అంటాడు. ఈసెట్ (డిప్లొమా వాళ్ళు బీటెక్‌లో చేరే పరీక్ష) పుస్తకం మాత్రం ముట్టుకోవడం లేదు. డబ్బివ్వమంటారా? ఈ పిచ్చితో వాడికి బతుకుదెరువు దొరుకుతుందా?

జవాబు: ఆ పనికి డబ్బివ్వకండి. బతుకుదెరువు మాత్రం దొరుకుతుంది. ఈ రెండు మాటలూ ఒకదానికొకటి పొసగనట్టుంటాయి గనుక కాస్త వివరంగా చెబుతాను. దీన్ని మీవాడి చేత కూడా చదివించండి. మధ్యలో కొన్ని లెక్కలున్నాయి, అవి వాడి కోసమే.

మెకానిక్ అబద్ధం చెప్పలేదు. చిన్న కారు బానెట్ కింద చెయ్యి పెట్టడానికే సందుండదు. టర్బో అంటే ఇంజిన్ పొగ తోపుకి తిరుగుతూ ఇంజిన్‌లోకి గాలిని నొక్కే పంకా. అది ఇంజిన్ పొగ బయటికొచ్చే గొట్టాల్ని, అంటే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌ని ఆనుకునే కూర్చోవాలి. దానికి నూనె వచ్చే సన్న పైపు ఒకటి, ఆ నూనె దానంతటదే ఇంజిన్ అడుగున ఉండే నూనె తొట్టి(సంప్)లోకి జారిపోయేలా కిందికి వాలుగా లావుపాటి పైపు ఇంకొకటి కావాలి. అదే పక్కన ఏసీ కంప్రెసర్ ఉందంటే చోటు కోసం దాన్ని పీకేయడం తేలిక. చవకలో టర్బో పెట్టినవాళ్ళు చాలామంది చేసేది ఇదే. నాకు తెలిసిన ఒక కుర్రాడు ఇలాగే తీసేసి, మే నెలలో రెండు ఆదివారాలు నడిపి, మూడో ఆదివారం కారుని షెడ్డులో పడేశాడు.

మీవాడు తియ్యనన్నాడు చూశారా, నాకు నచ్చింది అదే. టర్బో కావాలని ప్రతి కుర్రాడూ అంటాడు. ఉన్న సుఖం పోకుండా టర్బో కావాలన్నవాడు తనకు తెలియకుండానే అసలైన ఇంజనీరింగ్ ప్రశ్న వేశాడు. కార్ల కంపెనీలు జీతాలిచ్చి చేయించుకునే పని కూడా ఇదే.

ఇక లెక్క. ఆల్టో 796 సీసీ ఇంజిన్ శక్తి 47 హార్స్‌పవర్ దరిదాపు. పిస్టన్లు మార్చే బడ్జెట్ లేదు, ఇంజిన్ పాతది, కాబట్టి 0.3 బార్ మించి బూస్ట్ (టర్బో అదనంగా ఇచ్చే ఒత్తిడి) ఇవ్వడం తెలివైన పని కాదు. ఒక బార్ అంటే దాదాపు బయటి గాలి ఒత్తిడి, అంటే గాలిని దానికి 1.3 రెట్ల ఒత్తిడికి నొక్కుతాం. బయట 40 డిగ్రీలుందనుకుందాం. చిన్న టర్బో సామర్థ్యం 60 శాతం అనుకుంటే ఆ గాలి ఇంకో 40 డిగ్రీలు వేడెక్కి 80 దగ్గర బయటికొస్తుంది. వేడి గాలి పలచన. 1.3ని 313తో హెచ్చవేసి 353తో భాగించమనండి (40కి, 80కి 273 కలిపితే వచ్చే కెల్విన్ అంకెలివి), 1.15 వస్తుంది. ముప్ఫై శాతం లాభం అనుకున్నది పదిహేనుకి పడిపోయింది. ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పెట్టి 55 డిగ్రీలకు దించగలిగితే 24 శాతం. హార్స్‌పవర్లలో చెప్పాలంటే ఇంటర్‌కూలర్ లేకుండా ఏడు, ఉంటే పదకొండు, అదీ మిగతావన్నీ సరిగ్గా కుదిరితే. ఏసీ వేస్తే అందులో రెండు మూడు కంప్రెసర్‌కే పోతాయి.

ఈ ఇంటర్‌కూలర్ ఎక్కడ పెడతాడు? ముందు గ్రిల్ వెనక మొదట ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్ ఉంటుంది, దాని వెనక రేడియేటర్. కండెన్సర్ ముందు పెడితే ఏసీకి వేడి గాలి తగులుతుంది. కార్లలో వాడే 134ఏ గ్యాస్ 60 డిగ్రీల దగ్గర ద్రవంగా మారుతుంటే లోపలి ఒత్తిడి సుమారు 17 బార్. అదే 70 డిగ్రీలైతే 21 బార్. కంప్రెసర్ మీద అంత భారం పెరుగుతుంది, లోపల చల్లదనం తగ్గుతుంది, ఇంకా ముదిరితే ప్రెజర్ స్విచ్ కంప్రెసర్‌ని ఆపేస్తుంది. పోనీ వెనక పెడదామంటే, కండెన్సర్ దాటి వచ్చే గాలే వేడిగా ఉంటుంది. ఇక ఇంటర్‌కూలర్ దేన్ని చల్లబరుస్తుంది? ఏసీ, టర్బో ఒకే పిడికెడు గాలి కోసం పోట్లాడుకుంటాయి. మీ ఇంట్లో తండ్రీకొడుకులు పోట్లాడుకుంటున్నట్టే.

ఇక ఆ స్విఫ్ట్ టర్బో గురించి. అది డీజిల్ ఇంజిన్ పొగ వేడికి తయారైన వస్తువు. పెట్రోల్ ఇంజిన్‌ని తొక్కి నడిపితే ఎగ్జాస్ట్ వేడి 900 డిగ్రీలు దాటుతుంది, డీజిల్‌లో అంత ఉండదు. పెట్రోల్ టర్బోల టర్బైన్ గూడు లోహమే వేరు. నిమిషానికి రెండు లక్షల చుట్లకు పైగా తిరిగే వస్తువుతో ‘చూద్దాంలే’ అనే బేరం కుదరదు. ఇంజెక్టర్లు, స్పార్క్ టైమింగ్ మార్చకుండా బూస్ట్ ఇస్తే నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి పేలడం) మొదలై పిస్టన్ కరుగుతుంది. 40 వేలు ఆ లోపే అయిపోతాయి.

ఒక్క మాట మీవాడికి. కంపెనీ వాళ్ళు ఏ మార్పూ లేకుండా అమ్మిన ఆల్టో కె10లో 998 సీసీ ఇంజిన్ 67 హార్స్‌పవర్ ఇస్తుంది, సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతుంది. వేగం కావాలంటే అది దారి. ఈ మాటకి వాడికి కోపం వస్తుందని తెలుసు. ‘జపాన్‌లో సుజుకీ వాళ్ళే 1987లో ఆల్టో వర్క్స్‌కి టర్బో పెట్టారు, 64 హార్స్‌పవర్’ అంటాడు. నిజమే. కానీ ఆ ఇంజిన్ మొత్తాన్ని టర్బో కోసమని ఫ్యాక్టరీలో తీర్చిదిద్దారు.

చట్టం సంగతి మీకు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకు, కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో ఒక్కో మార్పుకి 5 వేల జరిమానా గానీ ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. కేసు బండి యజమాని మీద, అంటే మీ మీద. పైగా 2011 బండికి 15 ఏళ్ళు నిండితే ఆర్సీ రెన్యువల్‌కి బ్రేక్ ఇన్‌స్పెక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి. బానెట్ ఎత్తి చూస్తే ఏం చెబుతారు? ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న కూడా అదే.

బతుకుదెరువుకి వద్దాం. మీవాడి పిచ్చికి ఇప్పుడు మార్కెట్ ఉంది. చిన్న టర్బో పెట్రోల్ ఇంజిన్, దానితో పాటు మండుటెండలో పనిచేసే ఏసీ: ఈ జోడీ మన దేశంలో మామూలు కార్లలోకి వచ్చేసింది. హ్యుందాయ్ వెన్యూ 1.0 టర్బో 120 పీఎస్‌తో (హార్స్‌పవర్ లాంటి కొలతే) 2019లో వచ్చింది. మారుతి ఫ్రాంక్స్‌లో 1.0 టర్బో ఉంది. మన పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో తయారయ్యే సోనెట్‌లోనూ 1.0 టర్బో ఉంది. ఎంత తొక్కితే ఎంత బూస్ట్ ఇవ్వాలి, ఇంధనం ఎంత, టైమింగ్ ఎంత, డ్రైవర్ పూర్తిగా తొక్కినప్పుడు ఏసీ క్లచ్‌ని కొన్ని సెకన్లు వదిలేయాలా వద్దా, ఇవన్నీ పట్టికలుగా ఇంజిన్ కంప్యూటర్(ఈసీయూ)లో రాసేవాళ్ళని కాలిబ్రేషన్ ఇంజనీర్లంటారు. వాహనాల్ని పరీక్షించే సంస్థలు పుణెలో ఏఆర్‌ఏఐ, మానేసర్‌లో ఐక్యాట్, చెన్నైలో కార్ల కంపెనీలు, హైదరాబాద్‌లో హ్యుందాయ్ ఇంజనీరింగ్ సెంటర్, బెంగళూరులో బాష్: ఈ రంగంలో పేర్లు ఇవి. అయితే మామూలుగా దానికి బీటెక్ ఉండాలి, డిప్లొమా సరిపోదు. అందుకే ఈసెట్. సీటు వస్తే నేరుగా రెండో సంవత్సరంలో చేరతాడు. మీరు టర్బో మీద కోపంతో పుస్తకం తెరవమంటే తెరవడు. ఈ ఉద్యోగానికి టికెట్టు అదేనని తెలిస్తే తెరుస్తాడేమో.

బీటెక్‌లో చేరాక విద్యార్థులే బండి తయారుచేసే బాహా ఎస్‌ఏఈ ఇండియా, సుప్రా ఎస్‌ఏఈ ఇండియా, ఫార్ములా భారత్ లాంటి పోటీలకు వెళ్ళే టీమ్ ఉన్న కాలేజీ చూసుకోవాలి. బాహాలో ఇంజిన్‌ని ముట్టుకోనివ్వరు, ఫార్ములా పోటీల్లో టర్బో పెట్టుకోవచ్చు. వాడి సరదా రోడ్డు మీద కాకుండా అక్కడ తీరుతుంది.

చదువు మీద మనసు లేకపోతే? దానికీ దారుంది, నిజానికి మీ ఊరికి దగ్గర్లోనే. విజయవాడ లారీల ఊరు. ఈ రోజుల్లో టర్బో లేని లారీ కనబడదు. బీఎస్6 పొగ నిబంధనలు వచ్చాక కొత్త బండ్లలో ఎలక్ట్రానిక్ యాక్చుయేటర్లతో టర్బోలు వస్తున్నాయి, వాటిని తెరిచి, బ్యాలెన్స్ చేసి, స్కానర్‌తో సెట్ చేసేవాళ్ళు ఆటోనగర్లో ఎంతమంది ఉన్నారో వాణ్ణే లెక్కపెట్టి రమ్మనండి. 2025 నుంచి కొత్త లారీల కేబిన్లకు ఏసీ తప్పనిసరి అయింది. టర్బో, ఏసీ రెండూ తెలిసిన కుర్రాడికి లారీ యజమాని ఫోన్ చెయ్యకుండా ఉంటాడా? ముందు రెండేళ్ళు మంచి షెడ్డులో అప్రెంటిస్‌గా చేరాలి. సొంత షాపు ఆ తర్వాత.

నన్నడిగితే ఆ రెండింటిలో ఏసీనే గట్టిగా పట్టుకోమంటాను. ఎలక్ట్రిక్ కార్లు పెరిగేకొద్దీ టర్బోకి పని తగ్గుతుంది, ఏసీకి పెరుగుతుంది. చాలా ఎలక్ట్రిక్ కార్లలో బ్యాటరీని చల్లబరిచేది కూడా ఆ ఏసీ గ్యాసే. థర్మల్ ఇంజనీర్ అనే ఉద్యోగం పెట్రోల్ బంకులు మూతపడ్డా ఉంటుంది. ‘గ్యాస్ పట్టించడం’ దగ్గర మొదలయ్యే ఈ పనిలో ఎంత లోతుందో కుర్రాళ్ళకు ఎవరూ చెప్పరు, సైలెన్సర్ మోతే అందరికీ వినబడుతుంది.

వాడి డిప్లొమా ప్రాజెక్టు గురించి ఒక సలహా. ఆల్టోని కోయకుండానే ఈ పని చెయ్యొచ్చు. నాలుగు థర్మామీటర్లు, ఒక ఏసీ గేజ్ సెట్ చాలు. ఎండాకాలం మధ్యాహ్నం రెండింటికి, ఇంటి ముందు ఐడ్లింగ్‌లో ఒకసారి, గుంటూరు రోడ్డు మీద ఒకసారి. రోడ్డు మీద కండెన్సర్‌కి ముందు ఎంత వేడి, వెనక ఎంత, ఇంజిన్‌లోకి పీల్చే గాలి ఎంత, లోపల వెంట్ దగ్గర ఎంత రాసుకోవాలి, గేజ్‌లో ఒత్తిడి ఇంటి ముందు ఆపినప్పుడు చూసుకోవాలి. ఏసీ వేసి, ఆపి, రెండు రకాలుగానూ. వారం రోజుల కొలతలు చేతికొచ్చాక, ఈ కారుకి టర్బో పెడితే ఇంటర్‌కూలర్ ఎక్కడ పెట్టాలి, ఏసీ ఎంత నష్టపోతుంది అని పైన చెప్పిన లెక్కని సొంత అంకెలతో మళ్ళీ వెయ్యాలి. ఇంటర్వ్యూలో ‘టర్బో అంటే ఇష్టం సార్’ అన్నవాడికంటే, ఆ కాగితాలు బల్లమీద పెట్టినవాడి మాట ఎక్కువసేపు వింటారు.

చేతులు ఊరుకోకపోతే ఆటోనగర్‌లో తుక్కు కింద అమ్మే ఒక 796 సీసీ ఇంజిన్ కొనివ్వండి. బేరం వాడే ఆడుకుంటాడు. కొట్టు వెనక స్టాండ్ మీద పెట్టి విప్పి, బిగించి, ఆ స్విఫ్ట్ టర్బోని మానిఫోల్డ్ దగ్గర పట్టి చూసుకోనివ్వండి. నూనె పైపు వాలు ఎటు రావాలో అప్పుడే అర్థమవుతుంది. అడిగిన 40 వేలలో ఈ ఇంజిన్‌కి, థర్మామీటర్లకు, గేజ్ సెట్‌కి పోను మిగిలింది ఈసెట్ కోచింగ్‌కి కట్టండి. కారు తాళాలు మాత్రం వాళ్ళమ్మ దగ్గరే ఉంచండి.