బొమ్మలు వేస్తూ ఏడాది బతికాను, ఇంకా కొనసాగమంటారా?

ప్రశ్న: అక్కా, మాది బుచ్చిరెడ్డిపాళెం దగ్గర పల్లె. ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ టీచర్ ఉద్యోగం మానేసి బొమ్మల మీదే బతకడం మొదలుపెట్టి ఏడాది అయింది. పిల్లల పుస్తకాలకు, పెళ్లి కార్డులకు, అంగన్‌వాడీ గోడలకు వేశాను. కొన్ని నెలలు పాత జీతం కంటే ఎక్కువే వచ్చింది, ఆషాఢంలో మాత్రం ఫోనే మోగలేదు. ఒక ప్రచురణకర్త దగ్గర డబ్బు నెలల తరబడి ఆగిపోయింది. ఇంకొకరు కథకని వేయించుకున్న నా రొట్టెల పండగ బొమ్మను నాకు చెప్పకుండా క్యాలెండర్ మీద కూడా అచ్చేశారు. నాన్న వరి రైతు, ‘నెలజీతం లేని పనేందమ్మా’ అంటున్నాడు. మానెయ్యనా?
- ఒక పాఠకురాలు, నెల్లూరు జిల్లా

జవాబు: మానొద్దు చెల్లీ. ముందు ఒక పని చెయ్యి. ఈ ఏడాది నీకు పని ఇచ్చినవాళ్ల పేర్లన్నీ ఒక కాగితం మీద రాసి, రెండోసారి ఫోన్ చేసినవాళ్ల పేర్ల కింద గీత గియ్యి. ఏడాది మొత్తం ఎంతొచ్చిందనే అంకె కంటే నేను ఆ గీతల్నే నమ్ముతాను, ఎందుకంటే మొదటి పని చుట్టరికానికో మొహమాటానికో రావచ్చు గానీ రెండో పని ఊరికే రాదు. అలాంటి పేర్లు నాలుగైదు ఉన్నా వచ్చే ఏడాదికి నీ కాళ్ల కింద నేల ఉన్నట్టే.

ఆషాఢం సంగతికి టెన్షన్ పడకు. పెళ్లిళ్లు ఉండవు కాబట్టి కార్డులుండవు, బడులు జూన్‌లోనే తెరుస్తారు కాబట్టి స్కూలు పుస్తకాల పనీ అప్పటికి అయిపోతుంది. వినాయక చవితి నుంచి కదలిక వస్తుంది, దీపావళి ప్రత్యేక సంచికలు, ఆ వెంటనే క్యాలెండర్లు, డైరీలు. మీ నాన్నగారికి ఈ మాట ఆయన భాషలోనే చెప్పు. మొలగొలుకుల వడ్లు పండించిన నేల మీది రైతు ఇంట్లో నెలజీతం ఎప్పుడుంది? కోతలకు వచ్చిన డబ్బుని మళ్లీ పంట దాకా సర్దుకుంటూ నిన్ను చదివించాడు కదా, నువ్వూ అదే పద్ధతిలో మంచి నెలల డబ్బు పక్కన పెట్టి ఖాళీ నెలలు గడుపుతున్నావని చూపించు. లెక్క చూపిస్తే ఆయనకి అర్థమవుతుంది, నీ కళ గొప్పదని వాదిస్తే కాదు.

ఇక క్యాలెండర్ విషయం. నువ్వు జత చేసి పంపిన ఆ బొమ్మ చాలాసేపు చూశాను. స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడ్డ ఇద్దరాడవాళ్లు, ఒకరు రొట్టె ఇస్తుంటే ఇంకొకరు కొంగు పట్టి అందుకుంటున్నారు, నీళ్లలో తడిసినంత మేర చీర రంగు ఒక పట్టు ముదిరింది, పైన ఎండకి వెలిసినట్టుంది. అక్కడ నిలబడి చూసినవాళ్లకి తప్ప ఆ ముదురు రంగు తట్టదు. అలాంటి బొమ్మ నీకు తెలియకుండా గోడలకెక్కిందంటే నాకే కడుపు మండింది. అయితే చట్టం దగ్గర కొంచెం జాగ్రత్తగా ఉండాలి. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ మామూలుగా గీసినవాళ్లనే హక్కుదారులంటుంది గానీ, డబ్బిచ్చి అడిగి వేయించుకున్న పెయింటింగు విషయంలో వేరే ఒప్పందం ఏదీ లేకపోతే వేయించుకున్నవాళ్లే మొదటి హక్కుదారులని అందులోనే ఉంది. ఇది చాలామంది ఆర్టిస్టులకి తెలియదు, తెలిసేసరికి బొమ్మ చెయ్యిజారి పోయి ఉంటుంది. కాబట్టి ఆ క్యాలెండర్ వాళ్లతో గొడవకి దిగకుండా, అదనపు వాడకానికి అదనపు ఫీజు ఇవ్వమని మర్యాదగా ఒక మెయిల్ పెట్టు, ఇస్తే సరే.

ఇకమీదట మాత్రం పెన్సిల్ పట్టుకోకముందే అయిదు వాక్యాలు రాసి పంపి, ‘సరే’ అని జవాబు తెప్పించుకో. ఈ బొమ్మ ఈ పుస్తకానికే, కాపీరైట్ నాదే, ఇంకెక్కడ వాడినా మళ్లీ మాట్లాడుకోవాలి, సగం డబ్బు అడ్వాన్స్, మార్పులు రెండుసార్ల వరకే. హక్కులు రాసివ్వాల్సి వస్తే ఎన్నేళ్లకో తప్పకుండా రాయి. కాలం రాయకపోతే 19వ సెక్షన్ ప్రకారం అయిదేళ్లుగా లెక్కపెడతారు. బొమ్మ కింద పేరు కూడా అడుగు, అది 57వ సెక్షన్ ఇచ్చిన హక్కు, హక్కులు అమ్మేశాక కూడా నీతోనే ఉంటుంది. వడ్డాది పాపయ్య గారి ‘వ.పా.’ అనే రెండక్షరాలు చూసి ఇప్పటికీ జనం పాత పత్రికలు తిరగేస్తున్నారు. పేరు వేయమనడానికి సిగ్గుపడాల్సిన పనే లేదు.

ఆగిపోయిన డబ్బుకి ఒక దారి ఉంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యం పోర్టల్‌లో చిన్న సంస్థగా పేరు నమోదు చేసుకో, రూపాయి ఖర్చుండదు, ఎవరైనా ఏజెంటు డబ్బడిగితే ఇవ్వకు. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ (చిన్న సంస్థల) చట్టం ప్రకారం నమోదైనవాళ్లకి కొన్నవాళ్లు ఎంత ఆలస్యమైనా 45 రోజుల్లో డబ్బు కట్టాలి, దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకి మూడు రెట్లు చక్రవడ్డీ పడుతుంది, ఫిర్యాదుకి ఆన్‌లైన్ పోర్టల్ కూడా ఉంది. నమోదు తర్వాత చేసిన పనులకే దీన్ని ధైర్యంగా వాడుకోవచ్చు కాబట్టి పాత బాకీకి ఫోన్లూ మెయిళ్లే గతి, కానీ ఈ వారమే నమోదు చేసుకో. బిల్లు కింద ఆ నంబరు కనపడితేనే కొందరి చెయ్యి జేబులోకి పోతుంది. ఇంకోటి, కంపెనీలు ఫీజులో పది శాతం టీడీఎస్ (ముందుగానే పట్టుకునే పన్ను) కోసుకుంటే అది పోయిందనుకోకు. నీ పాన్ మీద జమైందో లేదో ఆన్‌లైన్లో చూసుకుని రిటర్న్ వెయ్యి, పన్ను పడేంత ఆదాయం లేకపోతే అంతా వెనక్కి వస్తుంది.

ప్రశ్న: ఏఐతో నిమిషంలో బొమ్మలు వచ్చేస్తున్నాయి. మా అబ్బాయి ఇలస్ట్రేటర్ అవుతానంటున్నాడు, ఈ పని మిగులుతుందంటారా?
- ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: కొంత పోతుందండీ, దాచడం ఎందుకు. ఏదో ఒక బొమ్మ ఉంటే చాలనుకునే పోస్టర్లు, ఫ్లెక్సీలు ఇప్పటికే అటు పోతున్నాయి. కానీ మొన్న ఒక పిల్లల పుస్తకం వాళ్లు అలా చేయించిన ఒంగోలు గిత్త బొమ్మ నాకు పంపారు. కొమ్ములు పొడుగ్గా మెలి తిరిగి ఉన్నాయి, గంగడోలు మెడ దగ్గరే ఆగిపోయింది. మన గిత్తకి కొమ్ములు పొట్టిగా, మొద్దుగా ఉంటాయి, గంగడోలు మడతలు మడతలుగా బొడ్డు దాకా వేలాడుతుంది, తెల్లటి ఒంటి మీద కళ్ల చుట్టూ కాటుక పెట్టినట్టు నల్లటి అంచు. మీ ఊళ్లో పిల్లవాడు ఆ తప్పు చూసిన వెంటనే పట్టేస్తాడు, అందుకే వాళ్లు దాన్ని పక్కన పడేసి నాతో మళ్లీ వేయించుకున్నారు. మీ అబ్బాయిని ఫోన్‌లో ఫొటోలు చూసి కాపీ చెయ్యనివ్వకుండా రోజూ సాయంత్రం సంతలోనో, బస్టాండులోనో, పశువుల పాక దగ్గరో కూర్చుని ఎదురుగా ఉన్నది గీయమనండి. ఒక పుస్తకం నిండాక నాకు పంపండి, చూసి రాస్తాను.