టైరులో గుండుసూది

ప్రశ్న: మాది హైదరాబాద్, కొండాపూర్. నాకు 39 ఏళ్ళు, మావారికి 43. ఇద్దరం ఉద్యోగస్తులమే. పాపకి పన్నెండేళ్ళు. నాలుగేళ్ళ క్రితం డాక్టరు షుగర్ బోర్డర్‌లో ఉందంటే మావారు సైకిల్ తొక్కడం మొదలుపెట్టారు. షుగర్ అదుపులోకి వచ్చింది, సైకిల్ మాత్రం ప్రాణమై కూర్చుంది. ఐదు నెలల క్రితం ఓ ఆదివారం, ఇంకా తెల్లవారకముందే, ఔటర్ సర్వీస్ రోడ్డు మీద వాళ్ళ గ్రూపులో ఒకాయన్ని వెనక నుంచి కారు గుద్దేసింది. అక్కడికక్కడే పోయారు. ఆయన్ని నేను అన్నయ్యా అని పిలిచేదాన్ని. మావారు ఆయనకి కాస్త ముందు వెళ్తున్నారట. అంతకుమించి నాకేమీ చెప్పలేదు. పదిహేను రోజులు సైకిల్ ముట్టుకోలేదు. తర్వాత మళ్ళీ మొదలుపెట్టారు, ఇదివరకటి కంటే ఎక్కువగా. వారంలో ఐదు రోజులు నాలుగున్నరకే బయల్దేరతారు. లొకేషన్ చూస్తే ఆ చోటు మీదుగానే వెళ్తున్నారు. నేను ఏడ్చాను, అలిగాను, అత్తయ్యగారితో చెప్పించాను. "నాకేం కాదు" అంటారు, అంతే. చెప్పడానికి సిగ్గుగా ఉంది, పోయిన నెల ఒక రాత్రి గుండుసూదితో ముందు టైరు గుచ్చాను. పొద్దున లేచి ముల్లు దిగిందేమో అనుకుని, ప్యాచ్ వేసుకుని వెళ్ళిపోయారు. ఆయన తిరిగొచ్చేదాకా నాకు కాళ్ళూ చేతులూ ఆడవు. అంబులెన్స్ కూత వినిపిస్తే చాలు, ఫోన్ తీస్తాను. ఇప్పుడు గ్రూపు వాళ్ళు ఆ చోట తెల్లరంగు వేసిన సైకిల్ పెడతామంటున్నారు. ఆయన భార్య, నేను అక్కా అని పిలిచే ఆవిడ, రోజూ ఆఫీసుకి ఆ దారినే వెళ్ళాలి. ఆవిడని ఎవరూ అడగలేదు. ఆవిడ కేసు సంగతి కూడా పట్టించుకునే స్థితిలో లేదు. కారు నడిపిన కుర్రాడు బెయిల్ మీద బయటే ఉన్నాడు. మా పాపేమో స్కూలుకి సైకిల్ మీద వెళ్తానంటోంది. మావారి చేత సైకిల్ మాన్పించడం ఎలా?

జవాబు: మీరు అడగని విషయంతో మొదలుపెడతాను, ఎందుకంటే దానికి తొందర ఉంది. ఐదు నెలలైందని రాశారు. మోటారు వాహనాల చట్టంలో 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న సవరణ ప్రకారం, పరిహారం కోసం ట్రిబ్యునల్‌లో (రోడ్డు ప్రమాదాల పరిహారం కేసులు తేల్చే కోర్టులో) దరఖాస్తు వేయడానికి ప్రమాదం జరిగిన రోజు నుంచి ఆరు నెలలే గడువు. ఆ గడువు మీద కోర్టుల్లో వాదనలు నడుస్తున్న మాట నిజమే, వాటిని నమ్ముకుని కూర్చోవద్దు. పోలీసులు పెట్టిన క్రిమినల్ కేసు వేరు, ఈ పరిహారం కేసు వేరు. చాలామంది రెండూ ఒకటే అనుకుని, "కేసు నడుస్తోంది కదా" అని ఊరుకుంటారు. ఆ కుర్రాడికి శిక్ష పడినా పడకపోయినా, కారుకి ఇన్సూరెన్స్ ఉంటే పరిహారం ఆ కంపెనీ నుంచి రావాలి. అక్క ఉండే ఊళ్ళోని ట్రిబ్యునల్‌లోనే వేసుకోవచ్చు. ఎఫ్‌ఐఆర్, పోస్ట్‌మార్టం రిపోర్టు, మరణ ధ్రువపత్రం, అన్నయ్యగారి జీతం స్లిప్పులు, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు ముందుగా పోగుచేయండి. వకీలు ఖర్చు భారమైతే, ఆడవాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉంది. 15100కి ఫోన్ చేస్తే జిల్లా న్యాయసేవాధికార సంస్థ దారి చూపిస్తుంది. (గుద్దిన బండి ఏదో తెలియని కేసుల్లో కూడా చనిపోయినవారి కుటుంబానికి 2 లక్షలు ఇచ్చే పథకం ఉంది, ఆర్డీవో లేదా తహసీల్దార్ దగ్గర దరఖాస్తు పెట్టాలి. ఇది మీకు అవసరం లేదు, చదివేవాళ్ళలో ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.)

ఇక గుండుసూది సంగతి. సిగ్గు పడుతున్నారు కాబట్టి దాని మీద ఎక్కువ తిట్టను. అయితే ఒక్కటి తెలుసుకోండి. ముందు టైరులో గాలి మెల్లగా దిగిపోతుంటే, ఫ్లైఓవర్ దిగేటప్పుడో మలుపు తిప్పేటప్పుడో సైకిల్ అదుపు తప్పుతుంది. ఆ రోజు ఆయన బయల్దేరకముందే చూసుకున్నారు కాబట్టి సరిపోయింది. ఆయన్ని కాపాడాలని చేసిన పని, ఆయన్ని పడగొట్టే పనే అయ్యుండేది. దీన్ని మీరే ఆయనకి చెప్పాలి. ఎప్పుడో పోట్లాటలో బయటపడేలోపు, మామూలుగా ఉన్న ఒక సాయంత్రం చూసి చెప్పండి. కోపం వస్తుంది, రానివ్వండి. "నేను గుండుసూది పట్టుకునేదాకా వచ్చాను" అన్న మాట విన్నాక, మీ భయాన్ని చాదస్తం అని కొట్టిపారెయ్యడం ఏ భర్తకైనా కష్టం.

ఇన్నాళ్ళూ మీరు ఆయనకి మీ ఏడుపు చూపించారు, అలక చూపించారు, అత్తగారిని చూపించారు. మీ భయం ఎలా ఉంటుందో మాత్రం చెప్పినట్టు లేదు. "మానెయ్యండి" అంటే ఆయన "మానను" అంటారు, అక్కడితో మాట అయిపోతుంది. "మీరు తలుపు వేసిన చప్పుడు దగ్గర్నుంచి, మళ్ళీ లిఫ్ట్ చప్పుడయ్యేదాకా నేను మంచం మీద కూర్చునే ఉంటాను" అంటే ఆయన ఏమంటారు? నాకు తెలియదు, మీకూ తెలియదు. అడిగి చూడలేదు కదా.

మీ ఉత్తరంలో నన్ను పట్టి ఆపింది ఇంకో వాక్యం. "మావారు ఆయనకి కాస్త ముందు వెళ్తున్నారట." అట! ఐదు నెలలైనా మీకు ఆ ఉదయం గురించి 'అట' దగ్గరే ఆగింది. వెనక చప్పుడు విని తిరిగి చూసింది ఆయనేనా? 108కి ఫోన్ చేసింది ఎవరు? అక్కకి కబురు చెప్పింది ఎవరు? "నేను ముందుండబట్టి బతికాను, వాడు వెనకుండబట్టి పోయాడు" అన్న లెక్క రోజూ నాలుగున్నరకి ఆయన్ని లేపుతోందేమో. అలాంటి మనుషుల్ని నా దగ్గర చూశాను. కొందరు ఆ వస్తువు జోలికే మళ్ళీ పోరు, కొందరు దాన్ని వదలలేరు. మీవారు రెండో రకం. ఆ చోటు మీదుగానే తొక్కుతున్నారంటే అది వ్యాయామం కాదని మీకూ అర్థమయ్యే ఉంటుంది. మన ఇళ్ళలో పెద్దకర్మ దాకా పదిమంది చుట్టూ ఉంటారు, మాసికాలు పెట్టేవాళ్ళు పెడతారు. స్నేహితుడికి మాత్రం ఏ తంతులోనూ చోటు లేదు. భుజం పట్టి, పదకొండో రోజు భోజనం చేసి, ఇంటికొచ్చేస్తాడు. ఆ తర్వాత ఏం చెయ్యాలో అతనికి ఎవరూ చెప్పరు.

అందుకే ఆ తెల్ల సైకిల్ ఆలోచన వచ్చింది. అది గ్రూపు వాళ్ళ సొంత ఊహ కాదు. 2003లో అమెరికాలో సెయింట్ లూయిస్ నగరంలో మొదలై ఎన్నో దేశాలకి పాకింది. ప్రమాదం జరిగిన చోట పాత సైకిల్‌కి నిలువునా తెల్లరంగు వేసి స్తంభానికి కట్టేస్తారు, వచ్చేపోయే కార్లవాళ్ళకి కనబడాలని. ఆలోచన గొప్పదే. కానీ మన దగ్గర తెలుపుకి వేరే అర్థం ఉంది. తెల్లచీర సంగతి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. భర్త పోయిన మనిషి రోజూ ఆఫీసు బస్సు కిటికీలోంచి ఆ తెల్ల సైకిల్‌ని చూడాలంటే ఎలా ఉంటుందో గ్రూపులోని మగవాళ్ళకి తట్టి ఉండదు. పెట్టాలా వద్దా అన్నది ఆవిడ మాట. వద్దంటే వద్దు, కారణం అడగక్కర్లేదు. పెట్టమంటే ఎక్కడో కూడా ఆవిడే చెప్పాలి.

అదే 2003లో డల్లాస్‌లో ఇంకోటి మొదలైంది. బస్సు అద్దం తగిలి చనిపోయిన ఒక సైక్లిస్టు కోసం ఆయన స్నేహితులు మాట్లాడకుండా, నెమ్మదిగా, గుంపుగా తొక్కారు. ఇప్పటికీ ఏటా మే నెల మూడో బుధవారం చాలా ఊళ్ళలో చేస్తారు, గంటకి ఇరవై కిలోమీటర్లు దాటకుండా. రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్ళందరినీ తలుచుకునే రోజుగా నవంబరు మూడో ఆదివారాన్ని 2005లో ఐక్యరాజ్యసమితి గుర్తించింది. అక్కకి ఇష్టమైతే ఆ రోజు వాళ్ళ ఇంటి ముందు నుంచే బయల్దేరొచ్చు. తెల్లవారాకే, నెమ్మదిగా, భార్యాపిల్లలతో సహా. సైకిల్ రానివాళ్ళు వెనక కారులో రావచ్చు. మీవారు ఒక్కరే చీకట్లో చేస్తున్న పని అప్పుడు పదిమందితో వెలుతుర్లో చేసినట్టవుతుంది. ఇంకో మాట కూడా గ్రూపుతో అనమనండి. 2022లో మన దేశంలో రోడ్ల మీద పోయినవాళ్ళు 1,68,491 మంది, వాళ్ళలో సైకిల్ మీద ఉన్నవాళ్ళు వందకి సుమారు ముగ్గురు. వాళ్ళలో లక్ష రూపాయల సైకిళ్ళవాళ్ళు ఎంతమంది ఉంటారు? పాలు వేసేవాళ్ళు, వాచ్‌మన్‌లు, సైట్ పనికి వెళ్ళే కూలీలు, వెనక లైటు కూడా లేని సైకిళ్ళ మీద వెళ్ళేవాళ్ళు. వాళ్ళకి గ్రూపూ లేదు, తెల్ల సైకిలూ లేదు. తెల్ల సైకిల్‌కి పెట్టే డబ్బుతో యాభై వెనక లైట్లు కొని ఆ సర్వీస్ రోడ్డు మీద పంచినా అన్నయ్యగారి పేరు నిలుస్తుంది.

ఇప్పుడు మీ ప్రశ్నకి వస్తాను. మాన్పించలేరు. మాన్పించినా, ఇలా మానిన మనిషి ఇంట్లో ఎలా ఉంటాడో మీకు నచ్చకపోవచ్చు. 'మానడం' పక్కనపెట్టి 'ఎలా' మీద బేరం పెట్టండి. నేను చివరిసారి సైకిల్ తొక్కింది ఇంటర్‌లో, గంటకి రూపాయి అద్దె సైకిల్ మీద. అయినా తొక్కేవాళ్ళని అడిగి తెలుసుకున్నది చెప్తాను.

అన్నిటికంటే పెద్ద బేరం టైము మీద. రోడ్డు ఖాళీగా ఉంటుందని నాలుగున్నరకి వెళ్తారు. ఖాళీగా ఉంటుందనే కార్లూ నూట ఇరవై మీద వస్తాయి. రాత్రంతా నిద్రలేని డ్రైవర్లు, పార్టీల నుంచి తిరిగొచ్చే కుర్రాళ్ళు అప్పుడే రోడ్డు మీద ఉంటారు. వెలుతురు వచ్చాకే బయల్దేరాలి. ఈ ఒక్కటి ఒప్పుకున్నా మీరు సగం గెలిచినట్టే. ఔటర్ పక్కన నానక్‌రాంగూడ, నార్సింగి, కొల్లూరు వైపు సైకిల్ ట్రాక్ ఉంది కదా, పైన సోలార్ ప్యానెళ్ళ కప్పుతో, 2023 అక్టోబరులో 23 కిలోమీటర్ల పొడవున తెరిచారు. అక్కడ తొక్కితే బోరు అంటారు సైకిల్ వాళ్ళు. కొన్నాళ్ళు బోరు కొట్టనివ్వండి. కొండాపూర్ నుంచి అక్కడిదాకా కారు వెనక ర్యాక్ మీద తీసుకెళ్ళొచ్చు. వెనక ఎర్రలైటు పగలు కూడా వెలుగుతుండాలి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉండకూడదు. బస్సుకీ లారీకీ ఎడమవైపు నుంచి దూరకూడదు, డ్రైవరుకి అక్కడ ఏమీ కనబడదు. ఆగి ఉన్న కార్లకి తలుపు తెరిస్తే తగలనంత దూరంలో పోవాలి. జేబులో ఒక కార్డు మీద పేరు, రక్తం గ్రూపు, మీ నంబరు ఉండాలి. హెల్మెట్ సంగతి నిజం చెప్పాలి. కిందపడితే తల కాపాడుతుంది, వెనక నుంచి వంద మీద వచ్చే కారుకి అది అడ్డు కాదు. అన్నయ్యగారు కూడా పెట్టుకునే ఉంటారు. అందుకే టైమూ దారీ ముఖ్యం అంటున్నాను.

ఇవన్నీ చేసినా ఏమీ కాదని నేను హామీ ఇవ్వలేను, ఆయనా ఇవ్వలేరు. "నాకేం కాదు" అన్న మాట ఇకమీదట ఆయన అనకూడదని అడగండి. అన్నయ్యగారూ ఆ మాట అనే ఉంటారు.

దీనికి బదులుగా మీరు ఇవ్వాల్సింది ఒకటుంది. లొకేషన్ చూడటం మానాలి. ట్రాక్ చేరగానే ఒక మెసేజ్, తిరిగి బయల్దేరేటప్పుడు ఒక మెసేజ్, ఆయన పెట్టాలి. మధ్యలో మీరు ఫోన్ ముట్టుకోకూడదు. మొదటి వారం నరకంలా ఉంటుంది. ఫోన్‌లో ఆయన్ని చూపించే ఆ చుక్క సిగ్నల్ దగ్గర ఆగినా, టీ కోసం ఆగినా, మీకు కనబడేది ఒకటే. అది చూసి చూసి భయం తగ్గిందా? ఐదు నెలల తర్వాత కూడా అంబులెన్స్ కూతకి గుండె దడ, తెల్లవారుజామున నిద్ర లేకపోవడం ఉన్నాయంటే సైకాలజిస్టుని కలవాల్సిందే. మీరిద్దరూ కలవాలి, విడివిడిగా. ముందు ఫోన్‌లో మాట్లాడి చూడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ ఉంది, నంబరు 14416, ఏ వేళైనా, తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులేమీ తీసుకోరు.

పాపని ఇప్పుడే స్కూలుకి పంపొద్దు. మీ భయం వల్ల కాదు, పన్నెండేళ్ళ పిల్లకి కొండాపూర్ రోడ్డు మీద స్కూలు టైము ట్రాఫిక్‌లో చోటు లేదు కాబట్టి. ఆదివారాలు వాళ్ళ నాన్నతో ట్రాక్ మీదకి పంపండి. వెనక కూతురుంటే ఏ తండ్రీ నాలుగున్నరకి బయల్దేరడు. మీరూ ఒకసారి వెళ్ళండి, అద్దె సైకిల్ దొరికితే తొక్కండి, లేదా అక్కడే కూర్చుని చూడండి.

అదంతా తర్వాత. రేపో ఎల్లుండో అక్కకి ఫోన్ చేసి, ఈ ఆదివారం మీవారిని వెంటబెట్టుకుని వాళ్ళ ఇంటికి వెళ్ళండి, ఒక ఖాళీ ఫైలు పట్టుకుని. తెల్ల సైకిల్ గురించి ఆవిడ ఏమంటారో వినండి. కాగితాలు ఏవి దొరికితే అవి ఫైల్లో పెట్టండి. ప్రమాదం ఏ తేదీన జరిగిందో ఎఫ్‌ఐఆర్‌లో చూసి, ఆరు నెలలు ఎప్పటికి పూర్తవుతాయో ఆ ఫైలు అట్ట మీద పెద్దక్షరాలతో రాయండి.